దీపాల వేళ మూసిన తలుపు

దీపాలు పెట్టే వేళ మా సత్రం వీధి తలుపు మూసేశారు. మూసి, లోపల గడియమాను అడ్డం వేశారు. బయట నా చెల్లెలు తలుపు బాదుతోంది. దాని వెనక వీధి మొదట్లోకి పట్టాళం లారీలు వచ్చేశాయి. జరిగింది ఇంతే. మా సంఘం వాళ్ళు వేయబోయే సంచికలో ఈ నాలుగు ముక్కలూ ఎలాగూ ఉండవు కనుక నేనే ముందుగా రాసి పెడుతున్నాను. నచ్చినవాళ్ళు చదువుకోండి, నచ్చనివాళ్ళు ఈ కాగితంలో పకోడీలు కట్టుకోండి. కాగితంలో కట్టిన సరుకు విప్పి, కాగితం దాచుకుని చదువుకున్నవాణ్ణి నేను. నాకేం చిన్నతనం లేదు.

మొన్నీమధ్య సంఘం కుర్రాళ్ళు మా ఇంటికొచ్చారు. చేతిలో ఫోను, ముఖాన నవ్వు. "ఊ సూరి గారూ, మీకు గ్యాపకం ఎక్కువ కదా, సత్రం గురించి నాలుగు తీపి గ్యాపకాలు రాసియ్యండి" అన్నారు. ఊ అంటే ఇక్కడ పెద్దల పేరుకి ముందు తగిలించే గౌరవం. తీపి కావాలంటే లత పేటలో బెల్లం కొట్టుకి పొండి, నా దగ్గరికెందుకు అన్నాను. నవ్వారు. ఈ కాలంలో ఏమన్నా నవ్వుతారు, అదొక జబ్బు. సత్రం పాత టేకు తలుపులు పీకేసి ఇనప షట్టరు బిగిస్తున్నామని, అటక ఖాళీ చేస్తుంటే ఓ పొడుగాటి కర్ర దొరికిందని, అదేమిటో చెప్పమని అడిగారు. వెళ్ళి చూశాను. మనిషికంటే పొడుగు, నడుమ చేతులు పట్టీపట్టీ నున్నగా అరిగిన టేకు మాను. "తాతా, ఇదేటి? సంపాను తెడ్డా?" అన్నాడొకడు. తెడ్డయితే ఒకణ్ణయినా ఒడ్డుకు చేర్చేది. భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేశాను. మా చెల్లెలు పారమ్మ దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడిమి చూసింది. గుర్తుపట్టిందని నాకు తెలుసు. "బట్టలారేసుకోడానికి బాగుంటాది అన్నియ్యా" అంది. ఇప్పుడది మా వరండాలో వేలాడుతోంది, దానిమీద పారమ్మ తడి తమీను, ఇక్కడి ఆడవాళ్ళ లుంగీ, ఆరుతోంది. ఇంత పెద్ద మనసు నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

మాది బర్మాలో మింగళ తౌంగ్‌న్యున్. రైలు కూత వినపడితేనే నిద్ర పట్టే పేట. మా నాన్న సేక్కాన్ రేవులో బియ్యం బస్తాల వల తెగి మీద పడి పోయాడు. ఆ బెంగతోనే మా అమ్మ. నన్నూ పారమ్మనూ తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నవాడు మా మేనమామ సింహాచలం. అమ్మమ్మ కూడా అక్కడే. ఇల్లు సత్రానికి సరిగ్గా వెనకాల. రెంటికీ నడుమ మురుక్కాలవ పారే సన్నటి సందు. మా పెరటి తలుపు తీస్తే ఆ సందే. మావయ్యకి మసాలా పొడుల కొట్టుండేది, సత్రం ధర్మకర్త పదవీ ఉండేది. కొట్టు అన్నం పెట్టేది, పదవి మీసం పెట్టేది. తెల్లవారకుండా మిరపకాయలు వేయించడం మొదలుపెడితే వీధి వీధంతా తుమ్ముతూ లేచేది. పక్కింటి బర్మా వాళ్ళ ఙపి వాసన మా వంటింట్లోకి, మా మిరప ఘాటు వాళ్ళ పడగ్గదిలోకి. అమ్మమ్మ ఆ చేపల ముద్ద వాసనకి రోజూ ముక్కు మూసుకుని శాపనార్థాలు పెట్టేది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు అదే ఙపి కాస్త అరువు తెచ్చి గోంగూరలో కలుపుకు తినేది. "ఆళ్ళు సింబౌంగంతారు, మనం గోంగూరంతాం. ఆకు ఒకటే, నోరే యేరు" అని తర్వాత మాకే నీతి చెప్పేది.

మా ఇంట్లో అన్నిటికంటే గట్టి చట్టం దీపాల వేళ చట్టం. పొద్దు వాలగానే పెరటి తలుపు మూయాలి, వీధి తలుపు బార్లా తియ్యాలి. లక్ష్మీదేవి వీధిలోంచి వస్తుందట, పెరడు తెరిచి ఉంటే అటునుంచటే పోతుందట. సర్కారు కొట్లన్నీ జాతీయం చేసి, సగం పేటని ఓడెక్కించి ఇండియాకి పంపేసిన రోజుల్లో కూడా ఈ చట్టం తప్పలేదు. మా కొట్టు చిన్నది కాబట్టి వాళ్ళ కంటికి ఆనలేదు, అంతే. లక్ష్మి ఎటునుంచి వచ్చేదో నాకు తెలీదు గానీ, చేతిలో దీపం పట్టుకుని సత్రం వైపు నడిచే మావయ్య మాత్రం బాగా గుర్తు. సత్రం తాళంచెవి మొలతాడుకి ఉండేది. రాములవారి పటం ముందు కుందిలో నువ్వుల నూనె పోసి, వత్తి నలిపి, ఆ వేళ్ళ నూనె తలకి రాసుకునేవాడు. తర్వాత సత్రం వీధి తలుపు రెండు రెక్కలూ గోడకానేలా తీసి పెట్టేవాడు. దారినపోయేవాడికి నీడ ఇవ్వడానికే కదా పెద్దలు సత్రం కట్టింది! ఓడ దిగిన ప్రతి తెలుగువాడి మొదటి నిద్రా అక్కడేనట. నా ఎరుకలో మాత్రం ఓడ దిగినవాడెవడూ లేడు. దేశం తలుపే మూసేశారు. బయటి మనిషి రాడు, బయటి పుస్తకం రాదు, బయటి సబ్బు కూడా రాదు. మా దేశం మేమే కట్టుకుంటాం అనేవాళ్ళు రేడియోలో. కట్టుకున్నారు, గోడలు.

నా చదువు అక్కడే మొదలైంది. బడి నాలుగో తరగతితో సరి. కానీ ఓడెక్కి పోయినవాళ్ళు మోయలేని పుస్తకాలన్నీ పాత కాగితాల వాళ్ళకి తూకాన పడ్డాయి. వాళ్ళ దగ్గర్నుంచి పొట్లాలు కట్టడానికి మా కొట్టుకి వచ్చేవి. నా పని చింపడం. చింపేముందు చదివేవాణ్ణి. తెలుగు నాకు అమ్మమ్మ నేర్పింది, ఇంగ్లీషు ఒక చినిగిన నిఘంటువు నేర్పింది. దానికి మొదటి అక్షరాలు లేవు. దిగువ నుంచి పైకి నేర్చుకున్న విద్య నాది! జపాను నాకు పసుపు పొట్లాల్లో దొరికింది. మెక్సికో మిరపకాయల బస్తా కింద దొరికింది; సరస్సు నడుమ నగరం కట్టుకుని, నీళ్ళమీద తోటలు పెంచుకున్న అజ్టెక్కుల కథ. ఒక కాగితం మీద వాళ్ళ రాజు స్పెయిన్ వాళ్ళకి పూలదండలతో ఎదురొచ్చాడు. ఆ తర్వాతి కాగితం అప్పటికే ఎవరింటికో ధనియాలతో వెళ్ళిపోయింది. ఆ రాజు ఏమయ్యాడో తెలియక ఏడాదంతా కొట్టుమిట్టాడాను. మరో పుస్తకంలో దొరికాక తెలిసింది: తన తండ్రి మేడలోనే అతిథులకి విడిది ఇచ్చాడు, ఆ మేడలోనే వాళ్ళ బందీ అయ్యాడు. చావూ అక్కడే.

ఆ పుస్తకంలో ఒక మాట నా ఒళ్ళు మండించింది. ఆ రాజు మనుషులు తెల్లవాళ్ళని దేవుళ్ళనుకుని సాంబ్రాణి లాంటి ధూపం వేశారట. ఆహా! పడవ దిగిన ప్రతివాడూ తన గురించి ఇదే రాసుకుంటాడు. అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ, "ఆళ్ళు ఎన్నాళ్ళు ఓడమీదున్నార్రా?" అంది. నెలల తరబడి అన్నాను. "తానాలు?" అంది. అవేం లేవన్నాను. "మరింకేటి దేవుడు? కంపు కొట్టుంతారు, పొగేసుంతారు. మీ తాత సారా తాగొచ్చిన్నాడు నానూ ఏసీదాన్ని పొగ. మీ తాతేటి, దేవుడేటి?" అంది. ఆ తెల్లవాడు రాసినదానికంటే మా అమ్మమ్మ మాటే నాకు నచ్చింది. ఏది నిజమో చెప్పగల సాక్షులు లేరు కనుక నచ్చిందే నమ్మే హక్కు నాకుంది.

తాత మాట వచ్చింది గనక జపాను వాళ్ళ సంగతీ చెప్పాలి. అది నేను పుట్టక ముందు, యుద్ధం రోజులు. తెల్లవాళ్ళు పారిపోయారు, మనవాళ్ళలో సగంమంది కొండలూ అడవులూ పట్టి ఇండియాకి నడిచిపోయారు. మా తాత పోలేదు. "తెల్లోడు పోయి మన రంగోడు ఒస్తన్నాడు. అతిథి. మరేదగా ఉండాల" అన్నాడట. జపాను ఆఫీసరు పేటలోకి వచ్చిన రోజు, సత్రం తలుపులు బార్లా తీయించి, మేళం పెట్టించి, పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి, కర్పూరం వెలిగించి హారతి పట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బొట్టు లేకుండా హారతేమిటని, కుంకంలో వేలు ముంచి ఆ ఆఫీసరు నుదుటి వైపు చెయ్యి చాచాడు. పట్టాభిషేకం చేస్తున్నాననుకున్నాడు మా తాత. మీదికి చెయ్యి లేపాడనుకున్నాడు ఆఫీసరు. చెంప పగిలిపోయింది. పళ్ళెం మెట్లమీద దొర్లుకుంటూ పోయి కాలవలో పడిందట. ఎర్రనీళ్ళు తాత తెల్లచొక్కా మీద. ఈ వేడుక అంతా కళ్ళారా చూసినవాడు మా మావయ్య, అప్పటికి మూతిమీద నూగుమీసం. పళ్ళెం కాలవలోంచి తీసి, కడిగి, ఇంటికి తెచ్చింది ఆయనే. ఇది మాకు చెప్పింది అమ్మమ్మ. మావయ్య ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఏ గొడవ వచ్చినా "మనది కాని ఊరు, మనకెందుకురా" అనేవాడు, అంతే. మూడు తరాలు పుట్టి చచ్చిన ఊరు మనది కాకపోతే ఇంకెవరిదో!

నాకు పాతికేళ్ళు దాటుతుండగా సత్రంలో ఆదివారం పాఠాలు మొదలుపెట్టాను. మావయ్యే ఒప్పుకున్నాడు, "ఊరకే చీట్లాడుకునీకన్నా మేలు" అని. మధ్యాహ్నం నిద్ర లేచి టీ తాగిన పెద్దలు చాపలమీద చేరేవాళ్ళు. నేను గోడకి ఆనుకుని నిలబడి, వారమంతా పొట్లాల్లో చదివింది తెలుగులో చెప్పేవాణ్ణి. శ్రోతల తెలివి వర్ణించడం నా వల్ల కాదు. "ఒరే సూరీ, ఆ మెక్సికో ఎక్కడున్నాదిరా, మోల్మేనుకి అవతలా?" అని ఒకాయన. "ఆళ్ళు తింటారేటి?" అని ఇంకొకాయన. "మొక్కజొన్న, మిరపకాయలు, తాతా. మన మిరపకాయ ఆళ్ళదే" అంటే, "అబద్దం! మిరపకాయ గుంటూర్దిరా" అని సత్రమంతా నా మీద విరుచుకుపడింది. ఇవన్నీ భరించేవాణ్ణి. భరించలేనిది ఒకటే. పాఠం మంచి పట్టుకి వచ్చేసరికి దీపాల వేళ అయ్యేది. మావయ్య ముందు వరసలోంచి లేచి, లుంగీ దులుపుకుని, అగ్గిపెట్టె తడుముకుంటూ పటం దగ్గరికి పోయేవాడు. దీపం పెట్టి, తన ఇంటి వీధి తలుపు తియ్యడానికి వెళ్ళిపోయేవాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ. ఎవరి ఇంటి లక్ష్మి వాళ్ళకి ముఖ్యం. ప్రపంచ చరిత్ర సగంలో నిలబడి వాళ్ళ వీపులు చూసేది.

చివరి దాకా కూర్చునేవాళ్ళలో మా పారమ్మ ఒకతె, కో నైంగ్ ఒకడు. నైంగ్ మా ఎదురింటి బర్మా కుర్రాడు. పారమ్మతోపాటు కాలేజీ. మా వీధిలో పుట్టాడు కనుక తెలుగు అర్థమయ్యేది, మాట్లాడ్డం మాత్రం నా దగ్గర నేర్చాడు. నేనేమో పుస్తకం తెలుగు నేర్పాను. దాంతో వాడు మా అమ్మమ్మతో "అవ్వగారూ, తమరు భోజనం చేశారా?" అనేవాడు. అమ్మమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది: "ఓలమ్మో, ఈడు హరికతల దాసుడే!" పారమ్మ వాణ్ణి వెక్కిరించేది గానీ, వాడికోసం దాచిన అరిసె ఇంకెవరికీ ఇచ్చేది కాదు. చూసీ చూడనట్టు ఉండేవాళ్ళం అందరం.

ఆ వానాకాలం ఊరు లేచింది. నోట్లు చెల్లవన్నారు, బియ్యం లేవన్నారు, పిల్లలు వీధుల్లోకి వచ్చారు, వాళ్ళ మీదికి పట్టాళం వచ్చింది. కాల్చారు. పిల్లలు మళ్ళీ వచ్చారు. పేట పేటకీ మొదట్లో వెదురు గడలతో దడి కట్టుకుని కాపలా కాసుకున్నారు. సత్రంలో పెద్దలకి ఒకటే ప్రశ్న: మనం ఎటు? తలుపు తియ్యాలా, మూసుకోవాలా? ఆ ఆదివారం నేను కావాలనే జపానునీ మెక్సికోనీ పక్కపక్కన పెట్టాను. సత్రం కిక్కిరిసింది. ముందు వరసలో మావయ్య, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని. ముందు ప్రశ్న బిగించాలి కదా, ఇలా బిగించాను: "పరాయివాళ్ళు ఓడల్లో వచ్చారు. జపాను వాళ్ళు తలుపు మూశారు. రెండు వందల ఏళ్ళ పైన వాళ్ళ ఇల్లు వాళ్ళదిగానే ఉంది. మెక్సికో రాజు తలుపు తీసి, దండ వేసి, మేడ ఇచ్చాడు. రాజూ పోయాడు, నగరమూ పోయింది, సరస్సు కూడా ఎండిపోయింది. మూసినవాడు బతికాడు, తీసినవాడు చచ్చాడు. ఇంతేనా సంగతి?" అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. మావయ్య పటం దగ్గర ఉన్నాడు. తర్వాత మామూలే. వీపులు.

మిగిలిన నలుగురికీ మిగతాది చెప్పాను. ఇంతే కాదు అని చెప్పాను. జపాను వాళ్ళు తలుపు మూసినా నాగసాకి రేవులో చిన్న లంక ఒకటి వదిలారు, కిటికీలాగ. అందులోంచి డచ్చివాళ్ళ పుస్తకాలు, వైద్యం, వార్తలు వచ్చేవి. పొగ కక్కే నల్ల ఓడలు వాకిట్లో ఫిరంగులు పెట్టిన రోజున వాళ్ళకి అవేమిటో తెలుసు. తెలుసు గనకే తలుపు తీసి, నేర్చుకుని, నిలబడ్డారు. నేర్చుకున్నది ఎక్కడ పెట్టారంటే పోయి ఇంకొకడి వాకిట్లో పెట్టారు, మా తాత చెంప సాక్షి. ఇక మెక్సికో రాజుని చంపింది తలుపు తియ్యడం కాదు. ఆయన ముందునుంచీ ఇరుగూ పొరుగూ మెడమీద కాలు పెట్టి కప్పం గుంజాడు, వాళ్ళకి ఏనాడూ తలుపు తియ్యలేదు. ఆ పొరుగువాళ్ళే వేలకు వేలు స్పెయిన్ వాళ్ళ పక్కన నడిచి నగరం మీదికి వచ్చారు. పిడికెడు మంది పరాయివాళ్ళు, మశూచి, తలుపు బయట ఉంచేసిన తన సొంత పొరుగు. ఈ మూడూ కలిసి ముంచాయి. నైంగ్ చెయ్యెత్తి, "అయితే గురువుగారూ, ముందు ఎవరికి తలుపు తెరవాలో తెలిసి ఉండాలి, అంతే కదా?" అన్నాడు. అంతే అన్నాను. ఇంత తెలివైన శ్రోత మా జాతిలో నాకు దొరకలేదు.

ఆ వారంలోనే జరిగింది. పారమ్మ, నైంగ్ ఊరేగింపుకి పోయారు. సాయంత్రానికి తుపాకుల చప్పుడు స్టేషను వైపు నుంచి దగ్గరయింది. నేను వాళ్ళని వెతుక్కుంటూ పోయి, దొరక్క, పరుగున వెనక్కి వస్తుంటే సత్రానికి ఎదురుగా టీ కొట్టు డా మ్యా నా రెక్క పట్టి లోపలికి లాగి పలకలు దించేసింది. ఆవిడ మామూలుగా నన్ను కలా అని తిట్టే మనిషే, ఇండియా వాళ్ళని ఇక్కడ అలాగే అంటారు. ఆ రోజు మాత్రం నా లుంగీ ముడి వదల్లేదు. "కదలకు. కదిలితే నీ ప్రాణం, నా కొట్టు, రెండూ పోతాయి" అంది బర్మాలో. పలకల సందులోంచి చూస్తున్నాను. వీధంతా చెప్పులు. సత్రం తలుపులు అప్పటికింకా బార్లా తీసే ఉన్నాయి, లోపల దీపం కనిపిస్తోంది. వీధి మలుపులోంచి వాళ్ళిద్దరూ పరిగెత్తుకు వచ్చారు, వాళ్ళ వెనక ఇంకొందరు, దొరికిన సందుల్లోకి చెదిరిపోతూ. మెట్ల దాకా వచ్చేసరికి రెండు రెక్కలూ మూసుకున్నాయి. మాను కొక్కేల్లో పడిన చప్పుడు ఎదురుగా ఉన్న నాకు వినిపించింది.

"మావా! నానే మావా, పారమ్మని! తలుపు తియ్యి మావా!" అని ఇది అరుస్తోంది. పక్కన వాడు, ఆ లారీల మోతలో కూడా, నేను నేర్పిన తెలుగే: "మావయ్యగారూ, దయచేసి తలుపు తెరవండి." మళ్ళీ అదే, ఇంకా మర్యాదగా. లారీ దీపాలు గోడమీద పడగానే నైంగ్ దీన్ని రెక్క పట్టి సత్రం పక్క సందులోకి, మురుక్కాలవలోకి తోసేశాడు. తను మాత్రం నడివీధిలోకి వచ్చి, కావాలనే అటు పరిగెత్తాడు. లారీలు వాడి వెంట పోయాయి. మలుపు దగ్గర వాణ్ణి ఎత్తి లారీలో పడేయడం చూశాను. అదే ఆఖరు. వాణ్ణి మళ్ళీ చూశానన్న మనిషి ఈ భూమ్మీద నాకు కనపడలేదు.

పారమ్మ కాలవలో పాక్కుంటూ మా పెరటి వైపు వచ్చింది. తలుపు తీసే ఉంది. దీపాల వేళ మా పెరటి తలుపు తీసి ఉండడం నా జన్మలో అదే మొదటిసారి. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఉందట. మనవరాలి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉన్న ముసలిది, వీధిలో దాని కేక విని, సత్రం తలుపు పడిన చప్పుడు విని, పెరటికి వచ్చి గొళ్ళెం తీసింది. "గుంట ఇంటికొచ్చీసినాది. లచ్చిందేవి ఎటెల్తే అటెల్లనీ" అని దాన్ని లోపలికి లాగింది. చీకటి పడ్డాక డా మ్యా నన్ను వదిలింది. నేను వచ్చేసరికి మావయ్య మా వసారాలో పీటమీద కూర్చుని ఉన్నాడు, తల మీద వత్తి నూనె మెరుస్తూ. "అందరూ ఒచ్చీసినట్టేనేటి?" అన్నాడు. నేను "ఎందుకు మూసినావు మావా?" అన్నాను. "అన్నం తిను" అన్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు నైంగ్ వాళ్ళమ్మ పొద్దువాలగానే వచ్చి సత్రం మెట్లమీద కూర్చునేది. ఏడ్చేది కాదు. కొడుకు ఇటు వచ్చాడా అని మావయ్యని అడిగింది. "ఈ పక్కకి ఎవరూ రాలేదమ్మా" అన్నాడు ఆయన బర్మాలో, ఆవిడ పాదాల వైపు చూస్తూ. లోపలికెళ్ళి టీ పోయించి పారమ్మ చేతే పంపించాడు. ఒక వానాకాలం నుంచి ఆవిడ రావడం మానేసింది. మెట్లు ఖాళీ అయ్యాయి. సత్రం పెద్దలు హమ్మయ్య అనుకున్నారు.

నేను మాత్రం మానలేదు. ఏటా వానలు పడగానే అదే ప్రశ్న అడిగేవాణ్ణి. ఒక ఏడు "మసాలా బూజట్టీగలదు, సూడు" అన్నాడు. ఒక ఏడు "మనకి కాగితాలేటున్నాయిరా? ఆళ్ళని దాసినామంటే రేపు పేటంతా ఓడెక్కాల" అని గొణిగాడు. అదీ నిజమే కావచ్చు. ఆ భయం నాకు తెలియనిది కాదు, నా జేబులోనూ అదే పరాయివాడి కార్డు ఉండేది. కానీ అది జవాబు కాదు. పేటలో ప్రతి పిరికివాడూ చెప్పే మాట. ఆ మాటకి తలుపు వెయ్యొచ్చు. మాను అడ్డం పెట్టొచ్చా, పిల్ల పేరు చెప్పి పిలుస్తుంటే? పారమ్మ ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదు. పెళ్ళీ చేసుకోలేదు. అమ్మమ్మ పోయాక ఆయనకి గంజి కాచింది, కాళ్ళు పట్టింది. "ఒగ్గీ అన్నియ్యా, ముసిలోడు" అనేది. వదిలెయ్యడం ఎంత తేలికో ఈ సంఘానికి చూపించింది ఇదే, వాళ్ళు బాగా నేర్చుకున్నారు.

ఈమధ్య మళ్ళీ ఊరు లేచింది, మళ్ళీ కాల్చారు. నిరసనగా గిన్నెలు మోగించే పిల్లలు మా వీధిలోకి పరిగెత్తుకొచ్చిన సాయంత్రం, నా మనవల వయసు వాళ్ళు ముగ్గురు మా ఇంట్లోకి దూరి, పెరటి తలుపులోంచి సందులోకి పోయారు. పారమ్మ వాళ్ళ చేతుల్లో తలా ఒక అరటిపండు పెట్టింది కూడా. డా మ్యా మనవడు తన కొట్టు పలకలు ఎత్తి నలుగురిని దాచాడు. సత్రం? సత్రానికి అప్పటికే తాళం, పక్కన కెమెరా. ఇప్పుడు ఇనప షట్టరు. ఏ పారమ్మా అంత గట్టిగా బాదలేదు, బాదినా లోపల ఎవరూ ఉండరు. మా కాలంలో తలుపు మూయడానికి ఒక మనిషి, మాను ఎత్తడానికి రెండు చేతులు కావలసి వచ్చేవి. ఆ మనిషిని పట్టుకుని అడగడానికైనా వీలుండేది. ఇప్పుడు మీట నొక్కితే దానంతటదే దిగుతుంది. దీన్ని అభివృద్ధి అంటున్నారు. శిలాఫలకం మీద మావయ్య పేరు చెక్కిస్తారట, సత్రాన్ని కష్టకాలంలో కాపాడిన ధర్మకర్త అని. కాపాడాడు. ఒక్క పెంకు కూడా పగలనివ్వలేదు.

ఈ షట్టరు రోజులకి ముందు, మావయ్య ఆఖరి వానాకాలం. కాళ్ళు నీరు పట్టి మంచం దిగలేడు. బయట వాన, వసారాలో చూరు కింద బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు. పొద్దు వాలింది. పారమ్మ దీపం పెట్టి వీధి వైపు నడిచింది. మంచంలోంచి, "వీది తలుపు తీసినావా అమ్మా?" అన్నాడు. "తీసినాను మావా." "పెరటిది?" "అదీ తీసే ఉన్నాది." ఆ లారీలు వచ్చిన రోజు నుంచీ మా ఇంట్లో దీపాల వేళ రెండు తలుపులూ తీసే ఉంటాయి, అమ్మమ్మ పెట్టిపోయిన కొత్త చట్టం. నాకు ఒళ్ళు మండింది. "ఇంటి తలుపు తియ్యాల, సత్రం తలుపు ముయ్యాల, అంతేనా మావా? లచ్చిందేవికి తీసి, పారమ్మకి ముయ్యమని నీకెవుడు సెప్పినాడు?" అన్నాను. అడిగి, అలవాటు ప్రకారం జవాబు కోసం ఆగకుండా లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళకి నూనె లేదు, పొడిగా ఉన్నాయి. ఇన్నేళ్ళ తర్వాత నాకు దొరికిన జవాబు ఇది, ఒక్క ముక్క మార్చకుండా రాస్తున్నాను:

"నువ్వే కదరా సెప్పినావు, తలుపు మూసినోడు బతికినాడు, తీసినోడు సచ్చినాడని. ఆ ఆదోరం నాను ముందు వరసనే కూకున్నాను, పెతి ముక్కా ఇన్నాను. ఆ మీదట నువ్వేటి సెప్పినావో నాకు తెల్దు నాయినా. దీపాలెట్టీ యేళయిపోనాది, నానెల్లిపోనాను."